గుండీల ఆట

మా అమ్మాయి చొక్కా గుండీలు తనే పెట్టుకుంటుందని నేను కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ల వాళ్ళకి చెప్పాను, సూపర్‌వైజరుకి చెప్పాను, మెట్ల మీద బరువు సంచీతో రొప్పుతూ ఎదురైన పైవాటా ఆవిణ్ణి ఆపి మరీ చెప్పాను. అయిదేళ్ళ పిల్ల గుండీలు పెట్టుకోవడంలో అంత గొప్పేముందని ఆవిడ మొహం మీదే రాసి ఉంది. మీకూ అలాగే అనిపించొచ్చు. కానీ మా పిల్ల సంగతి వేరు.

అది పుట్టినప్పుడు కుడిచేతి గుప్పిట విప్పలేదు. అందుకే వాళ్ళ నాన్న ముద్దుగా గుప్పి అన్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. గుప్పిటైతే కొన్నాళ్ళకి విడివడింది గానీ వేళ్ళు మొండికేశాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక చిన్న వస్తువు పట్టుకోమంటే వాటికెక్కడలేని బద్ధకం. చెంచా జారిపోయేది, పెన్సిలు జారిపోయేది, అది జారిన ప్రతిసారీ నా గుండె కూడా జారేది.

ఆసుపత్రిలో ఫిజియో డాక్టరమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "మందుల్లేవమ్మా. ఆటే మందు. ఇంట్లో ఆడించండి. పిండి పిసకనివ్వండి, పూసలు గుచ్చనివ్వండి, తీగ మీది బట్టల క్లిప్పులు తియ్యనివ్వండి, గుండీలు తననే పెట్టుకోనివ్వండి. ఒకటే పథ్యం. ఎవరూ చేసిపెట్టకూడదు. ఏడిస్తే ఏడవనివ్వండి. చిన్నప్పుడే ఈ వేళ్ళని లొంగదీయాలి, ఎదిగాక మాట వినవు."

గుండీల మాట వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. ఎందుకంటే నేను బతికేదే గుండీల మీద. బట్టల ఫ్యాక్టరీలో నాది కాజాల మిషను. గుండీ దూరడానికి చొక్కాకి ఉండే చీలికని మేం కాజా అంటాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కా అంచు మిషను కింద పెట్టడం, కాజా పడగానే జరపడం, మళ్ళీ పెట్టడం. ఇంటికొచ్చాక గుండీ వంక కన్నెత్తి చూడబుద్ధి కాదు, అది వేరే సంగతి.

ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మ నన్ను గాజుబొమ్మలా పెంచింది. జడ వేసింది, ముద్ద కలిపి పెట్టింది, చెప్పుల పట్టీ కూడా తనే బిగించింది. పెళ్ళయ్యేదాకా నాకు పొయ్యి వెలిగించడం రాదంటే నమ్మండి. అత్తారింట్లో మొదటి వారమే పాలు పొంగించి పొయ్యార్పేస్తే మా ఆడపడుచు నెలరోజులు నవ్వింది. నా అంతట నేను నేర్చుకున్నది ఒక్కటే, గుండీలు. అదొక కథలా మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. సరిగ్గా గుప్పి వయసులో, ఒక్క రోజులో, ఎవరూ చెప్పకుండా నా గౌను గుండీలు నేనే పెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డానట. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. ఆ ఊరేగింపు నాకు బాగా గుర్తు. ఫ్యాక్టరీలో చేరిన రోజు కూడా ఇదే చెప్పాను, గుండీ పని నా రక్తంలోనే ఉందండీ అని.

అందుకే గుప్పి కోసం ఇల్లంతా ఆటస్థలం చేశాను. కొక్కేలన్నీ దాని ఎత్తుకి దించాను. తాగే నీళ్ళు చిన్న కూజాలో పోసి దానికందేలా పెట్టాను, ఒలికిపోతే తుడుచుకోడానికి గుడ్డ పక్కనే. చొక్కాలన్నీ ముందువైపు గుండీలున్నవే కొన్నాను. ఒక చట్టం కూడా చేశాను. గుప్పి గుండీల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నేనైనా సరే, వాళ్ళ నాన్నయినా సరే. ఆయన లారీ తోలతాడు, వారానికి ఒకటి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. "మన ఇంట్లో గుండీలకి కూడా పోలీసు కాపలా" అని వేళాకోళం ఆడాడు గానీ మాట మీద నిలబడ్డాడు.

పగలంతా పిల్లని చూసుకునేది మా అమ్మే. గుప్పి పుట్టినప్పుడు మా అన్నయ్య ఇంటినుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఒకప్పుడు ఇంట్లో మిషను పెట్టుకుని చంటిపిల్లల గౌన్లు కుట్టిన మనిషి. నా పెళ్ళికి ముందు నాకు చేతికుట్టు నేర్పింది ఆవిడే. నేను పనికి వెళ్ళే ముందు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని చెప్పాను. "అమ్మా, నన్ను పెంచినట్టు దీన్ని పెంచకు. నీకు దణ్ణం పెడతాను. అది గంటసేపు ఒక్క గుండీతో కుస్తీ పట్టినా నువ్వు కదలొద్దు."

"నీ మాట నేనెప్పుడు కాదన్నానే?" అంది అమ్మ. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. నేను నమ్మాను. కన్నతల్లిని కాక ఇంకెవర్ని నమ్ముతాం?

నా అనుమానమంతా మా అత్తగారి మీదే. ఆవిడ మా మరిది దగ్గర, పక్క వీధిలో ఉంటుంది. మధ్యాహ్నం కాగానే చెప్పులు టపటపలాడించుకుంటూ మనవరాలిని చూడటానికి వచ్చేస్తుంది. నా కళ్ళముందే గుప్పికి అన్నం తినిపించేది, వద్దన్నా బూట్ల తాళ్ళు కట్టేది. "పోనీలే అమ్మాయ్, పసిది" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడతో ఎన్నిసార్లు గొడవపడ్డానో లెక్కలేదు. సెలవురోజున ఆవిడ వచ్చిందంటే కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చునేదాన్ని.

మొదట్లో సాయంత్రం వచ్చేసరికి గుప్పి కళ్ళు ఉబ్బి ఉండేవి, చొక్కా విచ్చుకుని ఉండేది. ఒకరోజు అలా లేదు. గది మధ్యలో చిన్న పీట మీద నిలబడి ఉంది. మా అమ్మ పక్కన ఉతికిన బట్టలు మడతపెడుతూ, "చూపించవే మీ అమ్మకి" అంది. గుప్పి నాలుక బయటపెట్టింది, తల వంచింది, కనుబొమలు ముడిచింది. వేళ్ళు గుండీ చుట్టూ పురుగుల్లా పాకాయి. పాకి పాకి, "టప్!" అని నోటితో గట్టిగా అరిచింది. గుండీ పడింది. తర్వాతది. "టప్!" ఇంకోటి. "టప్!" పై దాకా వచ్చి, గడ్డం ఎత్తి నా వంక చూసింది. నేను చప్పట్లు కొట్టాను. కొడుతూ ఏడ్చాను. మా అమ్మ కూడా ఏడ్చింది.

ఆ టప్పు ఆటలో భాగమనుకున్నాను. పిల్లలు అలాంటివి కల్పించుకుంటారు కదా. ఆ తర్వాత రోజూ అదే సంబరం. నేను గుమ్మంలోకి రావడం, గుప్పి పీటెక్కడం, టప్పు టప్పు, చప్పట్లు. వాళ్ళ నాన్న వచ్చిన రోజున ఈలలు కూడా. ఫిజియో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు "గుండీలు పెట్టుకుంటోందా?" అని అడిగితే "అన్నీ తనేనండీ" అన్నాను ఛాతీ పొంగించి. అయితే వేళ్ళ వ్యాయామాలు ఇక తగ్గించవచ్చు అంది ఆవిడ. తగ్గించాం.

ఇక బడి సంగతి. మా ఫ్యాక్టరీ గోడకి ఆనుకునే పిల్లల బడి ఒకటుంది. షిఫ్టు అయ్యేదాకా పిల్లల్ని చూస్తారు, అన్నీ ఆటల్లోనే నేర్పుతారు. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. తమ పని తాము చేసుకోగల పిల్లల్నే తీసుకుంటారు, మిగతావాళ్ళని వచ్చే ఏడు రమ్మంటారు. గుప్పికి అక్కడ సీటు రావాలన్నది నా ప్రాణం. చెయ్యి చూసి జాలిపడేవాళ్ళ మధ్య కాదు, తోటిపిల్లలతో పోట్లాడుతూ మట్టి పిసుకుతూ అది పెరగాలి. పిలుపు వచ్చిన రోజు నుంచీ నాకు కాలు నిలవలేదు. మా అమ్మ మాత్రం మూతి ముడుచుకుని తిరిగింది. పిల్ల దూరమవుతుందని బెంగ కాబోలనుకున్నాను.

ఆ పొద్దున గుప్పి తెల్లచొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని, నా వేలు పట్టుకుని బయల్దేరింది.

బడి గదిలో బల్లలన్నీ మోకాలెత్తు. గోడకి వరసగా పిల్లల ఎత్తులో కొక్కేలు, వాటికి నీలం కోట్లు వేలాడుతున్నాయి. అచ్చం నేను మా ఇంట్లో పెట్టినట్టే. నా ఇంటిని చూసి వీళ్ళు నేర్చుకున్నట్టుందని లోపల నవ్వుకున్నాను కూడా. పెద్ద టీచరమ్మ కిందికి వంగి, "పాపా, ఆ కోటు నువ్వే వేసుకుని రా. మనం మట్టితో ఆడుకుందాం" అంది.

గుప్పి కోటు తీసుకుంది. చేతులు సరిగ్గా దూర్చింది. నాలుక బయటపెట్టింది. తల వంచింది. వేళ్ళు పాకాయి. "టప్!"

కోటు విచ్చుకుంది.

మళ్ళీ పట్టుకుంది. రెండు అంచులూ ఒకదానిమీద ఒకటి పెట్టి బొటనవేలితో నొక్కింది. "టప్!" ఈసారి ఇంకా గట్టిగా. మళ్ళీ విచ్చుకుంది. పక్క బల్ల దగ్గర పిల్లలు నవ్వారు. గుప్పి నా వంక తిరిగి, ఏమాత్రం బెదరకుండా చెప్పింది. "అమ్మా, ఈ గుండీ పాడైపోయింది."

"కొత్త చోటు కదండీ, తడబడింది" అన్నాను టీచరమ్మతో. "ఇంట్లో రోజూ పెట్టుకుంటుంది. ఇదిగో, ఈ చొక్కా కూడా పొద్దున తనే వేసుకుంది. కావాలంటే మళ్ళీ పెట్టి చూపిస్తుంది." అని మోకాళ్ళ మీద కూర్చుని, గుండీ విప్పడానికి దాని చొక్కా మీద చెయ్యి వేశాను. నా చట్టం నేను తప్పడం అదే మొదటిసారి.

గుండీ పక్కకి తిప్పి కాజాలోంచి తోశాను. కదల్లేదు. మళ్ళీ తోశాను. రోజంతా ఇదే పని చేసే చేతులు నావి, కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలను. అంచు లాగాను. లోపల్నుంచి "టప్" మని చిన్న చప్పుడైంది. అంచు తిరగేసి చూశాను. కాజాని తెల్లదారంతో పూర్తిగా కుట్టి మూసేశారు. గుండీని దాని నెత్తిన అలంకారానికి కుట్టారు. అడుగున, నొక్కితే అతుక్కునే టిచ్ బటన్. ఆ కిందది కూడా అంతే. అన్నీ అంతే.

టీచరమ్మ చూసింది. గుప్పి కుడిచెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది, ఒక చిన్న పూస ఇచ్చి పట్టుకోమంది. పూస జారి నేలమీద దొర్లుకుంటూ పోయింది.

"ఈ వేళ్ళకి ఇంకా పని పడలేదమ్మా" అంది మెల్లగా. "వచ్చే ఏడు తీసుకురండి. ఈలోపు ఇంట్లో ఆడించండి."

ఇంట్లో ఆడించండి! ఆ మాటకి నా ఒళ్ళంతా భగ్గుమంది.

నేరుగా మా మరిది ఇంటికి వెళ్ళాను. మా అత్తగారు గుమ్మంలో పీటేసుకుని కూర తరుగుతోంది. గుప్పి చొక్కా అంచు ఆవిడ మొహం ముందు తిరగేసి పట్టుకుని అగ్గిమీద గుగ్గిలంలా లేచాను. "చూడండి మీరు చేసిన ఘనకార్యం! పిల్లకి సీటు పోయింది. పసిది పసిది అంటూ దాని చేతులు విరిచేశారు. ఇప్పుడు చల్లగా ఉందా?"

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని అంచుని తడిమింది. కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టింది. "అమ్మాయ్, నేను సూదిలో దారం ఎక్కించడం మానేసి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదా? నా లంగా బొందు ఊడితే నీ దగ్గరికే కదా తెస్తాను" అంది. ఇంకోసారి వేలితో రాసి చూసి, "ఇది బాగా చెయ్యి తిరిగినవాళ్ళ పని" అంది.

అక్కడితో ఆగిపోయింది. ఆవిడకి అర్థమైంది. పేరు మాత్రం చెప్పలేదు.

"నేను ముద్దలు తినిపించాను. తాళ్ళు కట్టాను" అంది, మళ్ళీ కూర వైపు తిరుగుతూ. "అదంతా నీ ఎదురుగానే చేశాను, నువ్వు తిడితే పడ్డాను. చాటుగా మాత్రం ఏమీ చెయ్యలేదమ్మాయ్."

నాకు తలకొట్టేసినట్టయింది. అప్పుడు కుట్టు చూశాను. కోపంలో అప్పటిదాకా కుట్టు చూడనేలేదు. ముడి ఎక్కడా కనపడదు. దారం చివర రెండు పొరల మధ్యకి పోనిచ్చి, పైన అడ్డంగా ఒకే ఒక్క చిన్న పోగు వేసి తెంపేసి ఉంది. ముడి వేస్తే పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుందని అలా వేస్తారు. అందరూ వెయ్యరు. నాకు తెలిసి ఇద్దరే వేస్తారు. ఒకరు నేను. నాకు నేర్పినావిడ ఇంకొకరు.

ఇంటికి వస్తూ దారిలో గుప్పిని అడిగాను, "ఈ ఆట నీకెవరు నేర్పారే?" అని.

"అమ్మమ్మ."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఆట అయిపోతుందంది అమ్మమ్మ. నువ్వు చప్పట్లు కొట్టవంది." గెంతుతూ నడుస్తోంది. "టప్పని అరవకపోతే నీకు లోపలి చప్పుడు వినపడిపోతుంది. అందుకని అరవాలి. నేను బాగా అరుస్తానుగా అమ్మా?"

ఆటతో ఏదైనా నేర్పొచ్చని డాక్టరమ్మ చెప్పిన మాట నిజమే. నా కూతురు నేర్చుకుంది. నాలుక ఎంత బయటపెట్టాలో, కనుబొమలు ఎంత ముడవాలో, ఎప్పుడు అరవాలో, అన్నీ పొల్లుపోకుండా నేర్చుకుంది. గుండీ పెట్టుకోవడం తప్ప.

తలుపు తీసేసరికి పీట గది మధ్యలో వేసి ఉంది. మా అమ్మ దాని పక్కనే నిలబడి ఉంది.

"సీటొచ్చిందా?" అంది.

"రాలేదు."

నేను ఆవిడ మొహమే చూస్తున్నాను కాబట్టి చూశాను. లేకపోతే తెలిసేదే కాదు. ఆవిడ భుజాలు కిందికి దిగాయి. గట్టిగా పట్టుకున్న ఊపిరి వదిలింది. ఆ తర్వాత గానీ "అయ్యో" అనలేదు.

నమ్మించి గొంతు కోయడం అంటారే, అది ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలీదు. చొక్కా అంచు తిరగేసి చూపించాను. ఆవిడ చూసి, తల దించుకుని, పీట మీద కూలబడింది.

"దాని వేళ్ళు కందిపోయేవే" అంది. "ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పెట్టేది. నువ్వు పొద్దున్నే పోతావు. చూసేది నేను. ఎంతకని చూస్తాను?"

"ఏడవనిమ్మంది డాక్టరమ్మ. ఏడవనిమ్మని నీ చేతులు పట్టుకుని నేను అడిగాను."

"ఒక్క చొక్కాకే అలా కుట్టాను. ఒక్కరోజు నవ్వుతుందని. నువ్వొచ్చి చప్పట్లు కొట్టావు. ఆ ఏడుపు చూడు, ఆ ఆనందం చూడు. ఇంక ఎలా చెప్పను? మిగతావి కూడా కుట్టేశాను."

"ఇవాళ సీటు రాలేదంటే ఎందుకు ఊపిరి పీల్చుకున్నావు?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "అది బడికి పోతే పగలంతా నేను ఇక్కడేం చెయ్యను?" అంది చివరికి. "దాని పని అదే చేసుకుంటే ఇంక నేనెందుకు ఈ ఇంట్లో? మళ్ళీ మీ అన్నయ్య దగ్గరికి పొమ్మంటావు. అక్కడ మీ వదిన నన్ను గిన్నె కూడా ముట్టుకోనివ్వదు. కుర్చీలో కూర్చోబెట్టి టీవీ పెడుతుంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా."

"ఉండమ్మా అని అడిగితే నేను కాదనేదాన్నా? ఒక్క మాట అడిగావా?"

"అడిగి ఉండటం వేరు, అవసరమై ఉండటం వేరు."

నాకు జాలి వెయ్యలేదు. వెయ్యాల్సింది, వెయ్యలేదు. వెన్నులో దిగిన కత్తి పిడి మీద సొంత తల్లి వేలిముద్రలు చూసుకున్నవాళ్ళకి తెలుస్తుంది. పోయిన నెలలు ఎవరు తెచ్చిస్తారు? ఆపేసిన వ్యాయామాలు ఎవరు వెనక్కి తెస్తారు? అదే మాట అరిచాను. గుప్పి చేతిని నీ అవసరానికి వాడుకున్నావు అన్నాను. అది దొంగాట నేర్చుకుంది నీ దగ్గర అన్నాను.

అప్పుడు ఆవిడకి కూడా రోషం వచ్చింది. తలెత్తింది. "ఏమంత కొంపలు మునిగాయే? నీకూ అలాగే కుట్టాను. నువ్వేం చెడిపోయావు? ఇవాళ ఫ్యాక్టరీలో కాజాల పని అందరికంటే చురుగ్గా చేస్తున్నావు కదా!"

నాకు మొదట అర్థం కాలేదు. "నాకేం కుట్టావు?"

"నీ పచ్చగౌనుకి. బడిలో వేసే ముందు. రోజూ ఏడ్చి చంపేదానివి, నా వల్ల కాక టిచ్ బటన్లు వేసేశాను. మీ నాన్న నిజమనుకుని భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు. పాపం ఆయనకి ఆఖరిదాకా తెలీదు." అంటూనే నా మొహం చూసి ఆగిపోయింది. అన్నాక తిరిగి తీసుకోలేని మాట అన్నానని ఆవిడకప్పుడు తెలిసింది.

నా ఒక్క గొప్ప. నా అంతట నేను చేసిన ఒకే ఒక్క పని. నాన్న భుజాల మీద నేను ఊరేగింది ఆవిడ సూది పనికి.

"మరి నాకు నిజంగా గుండీలు ఎప్పుడొచ్చాయి?" అన్నాను.

"ఏమో. బడిలో ఎవరో నేర్పుంటారు." అమ్మ మళ్ళీ కొంగు వేలికి చుట్టుకుంది. "నేను చూళ్ళేదు."

గుప్పి చొక్కా విప్పి, నా కుట్టుపెట్టెలోంచి చిన్న కత్తెర తీసి నేలమీద కూర్చున్నాను. కాజాల్లో దారం ఒక్కో పోగే తెంపాను. టిచ్ బటన్లు పీకి పక్కన పడేశాను. గుండీలు ఊడదీసి సరైన చోట మళ్ళీ కుట్టాను. చెయ్యి అలవాటు కొద్దీ చివర దారాన్ని పొరల మధ్యకి పోనిచ్చి పైన అడ్డంగా చిన్న పోగు వెయ్యబోయింది. ఆగి, ముడి వేశాను. నా జన్మలో అలాంటి మొరటు ముడి వెయ్యలేదు.

"రా గుప్పీ. వేసుకో."

గుప్పి పీటెక్కింది. మా అమ్మ లేచి గోడవారగా నిలబడింది. గుప్పి చేతులు దూర్చి, మొదటి గుండీ పట్టుకుంది. నొక్కింది. పడలేదు. అంచు తిరగేసి చూసింది, అక్కడ ఉండాల్సింది లేదు. నా వంక చూసింది. నేను తల ఊపాను, "కాజాలోంచి తొయ్యమ్మా, తోసి లాగు" అన్నాను. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వచ్చాయి. గుండీ జారింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. దాని కింద పెదవి వణకడం మొదలైంది, వేళ్ళ చివరలు ఎర్రబడ్డాయి.

మా అమ్మ చేతులు కదిలాయి. తనకి తెలీకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. నేను లేచి ఆవిడ రెండు మణికట్లూ పట్టుకున్నాను. ప్రేమతో కాదు. నొప్పి పుట్టేలా పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకోలేదు. ఇద్దరం అలాగే నిలబడి పిల్లని చూశాం.

గుప్పి మమ్మల్ని చూసింది. నా మొహం, అమ్మమ్మ మొహం, మళ్ళీ నా మొహం. ఏం కావాలో దానికి అర్థమైంది. కళ్ళు తుడుచుకుంది. నాలుక బయటపెట్టింది, తల వంచింది, కనుబొమలు ముడిచింది. వేళ్ళు గుండీ చుట్టూ పాకాయి.

"టప్!" అంది.

తర్వాతది. "టప్!" ఆ తర్వాతది. "టప్!" ఒక్కటీ వదలకుండా పై దాకా వచ్చింది. చొక్కా రెండు వైపులకీ విచ్చుకునే ఉంది, బొడ్డు కనపడుతూ.

గడ్డం ఎత్తి, నవ్వుతూ, నా చేతుల వంక చూసింది. అవి చప్పట్లు కొట్టడానికి ఖాళీగా లేవు.